గుంటూరు కొత్తపేటలో ఒక క్యాజువాలిటీ: సిస్టర్లకు పూర్తి మార్కులు, యాజమాన్యానికి సగం

గుంటూరు కొత్తపేటలో ఆసుపత్రులకు కొదవ లేదు. మిర్చి తోటకు మందు కొడుతూ పడిపోయిన మా బాబాయిని అక్కడి ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో చేర్చినప్పుడు, ఆ విభాగం పనితీరును రాత్రంతా దగ్గరగా చూశాను. పేరు రాయడం లేదు. పేరు కన్నా అక్కడి సిస్టర్లు పని చేసే పరిస్థితులే ముఖ్యమని నా అభిప్రాయం.

ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు ఒంట్లోకి చేరితే నోటి వెంట చొంగ కారుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది. దానికి విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ అనే మందు ఒక ఇంజెక్షన్‌తో సరిపోయేది కాదు; ఛాతీలో గరగర తగ్గి, నాడి నిమిషానికి 80 దాటేవరకు సుమారు 5 నిమిషాలకోసారి మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి. మోతాదు నిర్ణయించేది డాక్టరుగారే అయినా, మంచం దగ్గరే ఉండి నాడి చూడటం, చంకలో చెమట ఆరిందో లేదో తడిమి చూడటం, ఇచ్చిన ప్రతి మోతాదునూ కేస్ షీట్‌లో వేళతో సహా రాయడం సిస్టర్ పని. మంచాలన్నీ నిండి, స్ట్రెచర్ల మీదే సెలైన్లు ఎక్కిస్తున్న ఆ గదిలో, అదే సిస్టర్ మధ్యమధ్యలో గుండెనొప్పితో వచ్చిన మరొకరికి ఈసీజీ కూడా తీస్తున్నారు. అది రోగి వచ్చిన 10 నిమిషాల్లోపు తీయవలసిన పరీక్ష.

అర్ధరాత్రి దాటాక బాబాయి దుప్పటి పీకుతూ, ఎదురుగా లేని మనుషులతో మాట్లాడటం మొదలుపెట్టేసరికి మా పిన్ని బెంబేలెత్తి సిస్టర్ మీద కేకలు వేసింది. ఆమె మాత్రం గొంతు పెంచలేదు. "కంగారు పడకండమ్మా, ఈ మందు ఎక్కువైతే ఇలాగే పలవరిస్తారు, డాక్టరుగారికి చెప్పాను, కాసేపు ఆపుతున్నాం" అంటూ పిన్నిని బాబాయి చెయ్యి పట్టుకుని కూర్చోమన్నారు.

దీన్ని ఓర్పు అని మెచ్చుకుని వదిలేయడం నాకు సరిగా తోచదు. ఆ వెంటనే హెడ్ సిస్టర్ వచ్చి, తిట్లు తిన్న సిస్టర్‌ను కాసేపు టీకి పంపి తానే ఆ మంచం దగ్గర నిలబడ్డారు. తెల్లవారి షిఫ్ట్ మారినప్పుడు ఒక్కో మంచం దగ్గర ఆగి మరీ వివరాలు అప్పగించారు. తట్టుకునే శక్తి అలాంటి ఏర్పాట్ల నుంచి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2019లో ఆమోదించిన ఐసీడీ-11లో (జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణలో) బర్నౌట్‌ను, అంటే పని భారంతో పూర్తిగా అలసి నీరుగారిపోవడాన్ని, జబ్బుగా కాక, పనిచోట సరిగా అదుపు చేయని దీర్ఘకాలిక ఒత్తిడి ఫలితంగానే నిర్వచించింది.

ఇక్కడే యాజమాన్యానికి మార్కులు తగ్గిస్తున్నాను. వైద్య సిబ్బందిపై దాడిని నేరంగా పరిగణించే 2008 నాటి రాష్ట్ర చట్టం బోర్డు తలుపు పక్కనే ఉంది. సెక్యూరిటీ గార్డు మాత్రం పార్కింగులో బైకులు సర్దుతున్నాడు. ఒక్కో రోగి వెంట ఐదారుగురు లోపలికి వస్తున్నా ఆపేవారు లేరు. సిస్టర్లు కూర్చుని అన్నం తినేందుకు గది లేక, మందుల అలమర వెనుక నిలబడే తింటున్నారు.

బిల్లు విషయంలో ఫిర్యాదు లేదు, ప్రతి పద్దూ విడివిడిగా చూపారు. డిశ్చార్జి నాడు ఇచ్చిన అభిప్రాయ పత్రంలో క్యాంటీన్ గురించి కూడా అడిగారు గానీ సిస్టర్ల గురించి ఒక్క ప్రశ్నా లేదు కనుక, తలుపు దగ్గర గార్డునూ వాళ్లకొక గదినీ ఏర్పాటు చేయమని వెనుక ఖాళీలో రాసి ఇచ్చాను.