కాట్స్‌వోల్డ్స్ ఊళ్లా, డేల్స్ కొండలా?
ఇంగ్లండ్‌లో జూన్ వస్తే రాత్రి తొమ్మిది దాటినా వెలుతురే. బైక్ మీద తీరిగ్గా తిరగడానికి అక్కడి పల్లె ప్రాంతం కాట్స్‌వోల్డ్స్ సులువు: తేనెరంగు రాతి ఇళ్లు, ఊరికో పబ్. కానీ వారాంతాల్లో బోర్టన్-ఆన్-ది-వాటర్ దగ్గర కార్ల వెనక క్లచ్ నొక్కి నొక్కి చెయ్యి లాగేస్తుంది.

నా ఓటు ఉత్తర ఇంగ్లండ్ కొండలోయలైన యార్క్‌షైర్ డేల్స్‌కే. హాస్ అనే ఊరి నుంచి బటర్‌టబ్స్ కనుమ ఎక్కుతుంటే మలుపు తిరగ్గానే రోడ్డు మీద గొర్రెలు! పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా వేసిన ఇనుప కడ్డీలు తడిస్తే జారతాయి. బండిని నిటారుగా ఉంచి, బ్రేక్ తాకకుండా దాటాలి. ఇంకా ఉత్తరాన 1,732 అడుగుల ఎత్తులో టాన్ హిల్ ఇన్ ఉంది, బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన పబ్. చలిగాలికి బిగుసుకున్న వేళ్లకి అక్కడ వేడి సూప్ గిన్నె పట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది. బీరు మాత్రం ఆ రోజుకి బండి ఆపేశాకే. అక్కడే గది తీసుకుని పడుకోవచ్చు.