పనికి బదులు తిండి, వసతి: అనంతపురం సేంద్రియ చేలల్లో రెండు ముంగార్ల తర్వాత సమీక్ష

సేంద్రియ తోటలో రోజుకు ఐదు గంటలు పని. బదులుగా మూడు పూటలా తిండి, పడుకునేదానికి చోటు. చేతికి డబ్బు రాదు, చేతి నుంచి పోదు. ఒప్పందం ఇంతే. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మెట్ట చేలల్లో, చీనీ (బత్తాయి) తోటల్లో రెండు ముంగార్లు, అంటే రెండు వానాకాలపు పంటలు, ఈ పద్ధతిలో పనిచేశాక రాస్తున్న సమీక్ష ఇది. తీర్పు ముందే చెప్తాను: మూడు వారాల కన్నా తక్కువ ఉండేటట్లయితే వెళ్లకండి. మొదటి వారమంతా రైతు మీకు నేర్పడానికే సరిపోతుంది, ఆ వారంలో మీ వల్ల ఆయన పని నిలిచిపోయేదే ఎక్కువ. రెండో వారానికి చెయ్యి తిరుగుతుంది. మీరు తిన్న సంగటికి మీ పని సరితూగేది మూడో వారం నుంచే.

ఈ ఏర్పాటుకు ప్రపంచంలో పేరు తెచ్చింది వూఫ్ (WWOOF) అనే సంస్థ. 1971లో ఇంగ్లండ్‌లో స్యూ కోపార్డ్ అనే లండన్ సెక్రటరీ, పట్నంవాళ్లు శని ఆదివారాలు పల్లెకు పోయి సేంద్రియ పొలంలో పనిచేసేటట్లు మొదలుపెట్టారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది, మన దేశంలోనూ ఉంది. మన జిల్లాల్లో మాత్రం ఎక్కువ తోటలు ఏ జాబితాలోనూ కనబడవు. ప్రకృతి సేద్యం 2016 నుంచి ప్రభుత్వ కార్యక్రమంగా నడుస్తోంది, రైతు సాధికార సంస్థ అనే ప్రభుత్వ సంస్థ చూసుకుంటోంది. కాబట్టి ఊరి రైతు సేవా కేంద్రంలో అడిగితే ఎవరు మందులు కొట్టకుండా పండిస్తున్నారో చెప్తారు. చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల ఇంకా సులువు. 1990లో అక్కడ మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వల్ల సేంద్రియ సేద్యం, చిరుధాన్యాలు ఆ పల్లెలకు కొత్త మాటలు కావు.

ఒక చిన్న జాగ్రత్త. ఊళ్లో "వాలంటీర్‌గా వచ్చినా" అనకండి. 2019 నుంచి కొన్నేళ్ల పాటు ఆ మాటకు ఇక్కడ అర్థం పింఛను ఇంటికి తెచ్చిచ్చే మనిషి. "సేద్యం నేర్చుకునేదానికి వచ్చినా, అన్నా" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. రైతును అన్నా అని, ఆయన భార్యను అక్కా అని, పెద్దామెను అవ్వా అని పిలవండి. వయసులో పెద్దవాళ్లను పేరు పెట్టి పిలిస్తే ఆ రోజుకు ఎవరూ మీకు పని నేర్పరు.

పోయే ముందు ఫోన్లో మాట్లాడుకున్నవన్నీ తర్వాత వాట్సాప్‌లో రాసి పంపండి: రోజుకు ఎన్ని గంటలు, వారంలో సెలవు ఏ రోజు, ఏ తేదీ వరకు, గదిలో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా లేదా. ఐదు గంటలనుకున్న పని ఎనిమిదికి పెరగడం ఈ పద్ధతిలో అన్నిటికన్నా మామూలుగా వచ్చే తగాదా. అది రైతు చెడ్డతనం కాదు, పొలం పనికి గడియారం ఉండదు. పొద్దున 6 నుంచి 9:30, సాయంత్రం 4:30 నుంచి 6 అని కచ్చితంగా రాసుకుంటే మధ్యలో ఎవరికీ మొహమాటం ఉండదు.

గది కన్నా ముందు అడగాల్సింది తాగే నీళ్ల గురించి. ఈ జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు. కాచితే సరిపోతుందనుకోవడం పొరపాటు. కాచినప్పుడు నీళ్లు ఆవిరవుతాయి తప్ప ఫ్లోరైడ్ పోదు, మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. సత్యసాయి నీళ్ల పథకం కుళాయి ఉందా, లేక ఊరి ఆర్వో ప్లాంటు నుంచి క్యాన్లు తెచ్చుకుంటారా అడగండి. "మేమందరం బోరు నీళ్లే తాగుతాం" అనే తోటయితే క్యాను ఖర్చు మీరే పెట్టుకుంటామని చెప్పండి, ఎవరూ తప్పు పట్టుకోరు.

కాలం విషయంలో బేరం లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, చేలల్లో నేర్చుకునే పని కూడా తక్కువ. మృగశిర కార్తె మొదలై మొదటి పదును (నేల లోపలికి తడిసే వాన) పడ్డాక, అంటే జూన్ మధ్య నుంచి జూలై ఆఖరు వరకు విత్తనం, కలుపు. అక్టోబరు, నవంబరుల్లో శెనక్కాయ (వేరుశెనగ) పెరికే పని. ఈ రెండు కాలాల్లో ఏదో ఒకటి ఎంచుకోండి. వాన రాక విత్తనం వెనక్కి పోతే మీ మూడు వారాలు కట్టెలు ఏరడంతోనే గడిచిపోవచ్చు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడే చోట ఇది మామూలే. తేదీలను పది రోజులు అటూ ఇటూ జరుపుకునే వీలున్నవాళ్లే రావాలి.

నిజంగా సేంద్రియమా కాదా అన్నది బోర్డు చూసి చెప్పలేం. మోటారు గది వెనక చూడండి, ఖాళీ మందు సీసాలుంటే తెలిసిపోతుంది. పేడ దిబ్బ, గోమూత్రం పట్టే గుంత, జీవామృతం (పేడ, మూత్రం, బెల్లం పులియబెట్టి నేలకు పోసేది) డ్రమ్ము, గట్ల వెంబడి జొన్న లేదా సజ్జ నాలుగు సాళ్లు, అక్కడక్కడ ఆముదం చెట్లు ఉంటే పని జరుగుతున్నట్లే. గట్టు మీది జొన్న ఊరికే వేసింది కాదు. పక్క చేనులో కొట్టే మందు గాలికి ఇటు రాకుండా కొంత ఆపుతుంది.

కొత్తవాళ్లకు మొదట అప్పగించేది జీవామృతం పని. ఎకరాకు లెక్క 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. ఇక్కడ శనగపిండి కన్నా ఉలవపిండి చౌక, పని అదే చేస్తుంది. 200 లీటర్ల డ్రమ్ములో 200 లీటర్ల నీళ్లు పోస్తే మిగతావి వేసేదానికి చోటుండదు, పులిసినప్పుడు పొంగి బయటికి పోతుంది. 170 దగ్గర ఆపి, చేనుకు పారించేటప్పుడు మిగతా నీళ్లు కలపండి. పిండి నేరుగా వేస్తే ఉండ కట్టి అడుగున కూర్చుంటుంది. ముందు చిన్న బక్కెట్లో పలచగా కలిపి పోయాలి. క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు వాడితే మనం పెంచాలనుకున్న సూక్ష్మజీవులే చస్తాయి. బోరు నీళ్లు వాడండి, లేదంటే కుళాయి నీళ్లు ఒక రోజు తెరిచి పెట్టి వాడండి. డ్రమ్ము నీడలో ఉండాలి, మూత బిగించకుండా గోనెసంచి కప్పాలి, పొద్దున సాయంత్రం కట్టెతో ఒకే వైపు తిప్పాలి. 48 గంటలకు పులిసిన బెల్లం వాసన వస్తుంది. కుళ్లు వాసన వచ్చిందంటే కలపడం మరిచారు, లేదా వాన నీళ్లు పడ్డాయి. వారంలోపల వాడేయాలి. పొడి నేల మీద పోస్తే వృథా, పదును ఉన్నప్పుడే పని చేస్తుంది. డ్రిప్పులో వదిలేటట్లయితే రెండు మడతల బట్టతో వడపోయండి. వడపోయక వదిలిన రోజు సాయంత్రం ఒక్కొక్క డ్రిప్పరూ విప్పి పిన్నుతో పొడుచుకుంటూ కూర్చోవాలి.

వేపాకుతో చేసే పురుగుమందు నీమాస్త్రం తేలిక. 100 లీటర్ల నీళ్లకు 5 కిలోల వేపాకు దంచి, 5 లీటర్ల మూత్రం, కిలో పేడ కలిపి 24 గంటలు ఉంచి వడగడితే చాలు. కొట్టేది సాయంత్రం 4 దాటాక. ఇక్కడ కొత్తవాళ్లు చేసే తప్పు స్ప్రేయర్ నిండా నింపడం. 16 లీటర్ల ట్యాంకు వీపున వేసుకుని మెత్తటి నేలలో సాళ్ల మధ్య నడిస్తే రెండో రోజుకు నడుము పట్టేస్తుంది. వారం పాటు 10 లీటర్లకు మించి పోసుకోకండి.

శెనక్కాయ, అంటే ఇక్కడి బుడ్డలు, ఈ నేల అసలు చదువు. విత్తనం కాయలు చేతితోనే ఒలుస్తారు, మిషన్‌లో పప్పు పగులుతుంది, పగిలిన పప్పు మొలవదు. వేళ్లు నొప్పి పుట్టి కాయలు తడిపి ఒలవాలనిపిస్తుంది. తడిపితే విత్తనానికి బూజు పడుతుంది. విత్తనశుద్ధికి వాడే బీజామృతం పట్టించేటప్పుడు చేతులతో రుద్దకండి, పైపొర ఊడిపోతుంది. గోనెపట్టా మీద పలచగా పోసి, పైన చిలకరించి, పట్టా నాలుగు మూలలు పట్టుకుని ఇద్దరు అటూ ఇటూ దొర్లించాలి. నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తాలి. నానబెట్టడం అసలే వద్దు.

కలుపు తీసే పని చూసినంత సులువు కాదు. ఏడెనిమిది సాళ్ల శెనక్కాయకు ఒక సాలు కంది, అక్కడక్కడ కొర్ర, అలసంద, అనుములు కలిపి వేసిన చేలు ఇవి. మొలకప్పుడు కొర్ర గడ్డిలాగే ఉంటుంది. తెలియక సాలుకు సాలు పెరికేస్తారు. మొదటి రోజు ఒక్క అవ్వ వెనకాలే నడవండి, ఆమె ముట్టనిది మీరు ముట్టకండి. విత్తిన 20, 25 రోజులకు మొదటి కలుపు. 45 రోజులు దాటాక ఊడలు (పూత నుంచి దిగి కాయ కట్టే కాడలు) నేలలోకి దిగుతుంటాయి, అప్పుడు గుంటక తోలినా, పారతో గెలికినా ఊడ తెగి కాయ పోతుంది. ఆ తర్వాత కనబడ్డ కలుపును చేతితో కోసెయ్యడమే, మట్టి కదపకూడదు.

మొదటి మంచి వాన పడ్డాక రాత్రుళ్లు ఎర్ర గొంగళిపురుగు రెక్కల పురుగులు లేస్తాయి. దీపపు ఎరలు, గట్టున మంటలు వేసేది వాటికే. పగలు ఆకు అడుగున గుడ్ల ముద్దలు ఏరడం నేర్చుకునేవాళ్లకు తగిన పని, ఎంతో మేలు చేసే పని కూడా. పురుగులు బలిస్తే చేను చుట్టూ సన్నటి కాలువ తీసి, జిల్లేడు కొమ్మలు పరిచి, అక్కడ చేరిన వాటిని చంపుతారు. దాని వెంట్రుకలు తగిలితే ఒళ్లంతా దురద. నిండు చేతుల చొక్కా లేకుండా దిగకండి.

పెరికేటప్పుడు నేలలో పదును లేకపోతే చెట్టు వస్తుంది, కాయ భూమిలో ఉండిపోతుంది. పెరికిన చెట్లను కాయలు పైకి ఉండేటట్లు తిరగేసి రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. తడి కాయను వామి (కుప్ప) వేస్తే లోపల వేడెక్కి ఆస్పర్‌జిల్లస్ బూజు పడుతుంది, అఫ్లాటాక్సిన్ అనే విషం దాని నుంచే. కాయను చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమనాలి. మబ్బు పట్టిన రోజు "ఎండింది చాల్లే" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. ఏడాది కష్టం ఆ ఒక్క రోజు తొందరతో పోతుంది.

చీనీ తోటలో పని తక్కువ, ఓపిక ఎక్కువ. పాదు చెట్టు మొదట్లో కాదు, కొమ్మల నీడ అంచు దగ్గర తీయాలి, నీళ్లు తాగే సన్న వేర్లు అక్కడుంటాయి. ఎండాకు, శెనక్కాయ పొట్టు అరడుగు మందాన పరిచి, మొద్దు చుట్టూ అడుగు చోటు ఖాళీగా వదలండి. మొద్దుకు తడి అంటితే బంక తెగులు వస్తుంది. దానికి బోర్డో పేస్టు: కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. రెండూ వేరువేరు ప్లాస్టిక్ బక్కెట్లలో కరిగించి, తుత్తం నీళ్లను సున్నంలోకి పోయాలి. ఇనుప పాత్ర వాడితే మందు పాడవుతుంది, పాత్ర కూడా తినేస్తుంది.

తిండికి పూర్తి మార్కులు. పొద్దున రాగి అంబలి, ఏదో ఒక రోజు బొరుగుల ఉగ్గాని. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి (శెనక్కాయ పచ్చడి), పప్పు. రాత్రి జొన్న రొట్టె లేదా కొర్రన్నం. వరి అన్నానికి అలవాటైన కడుపు మొదటి మూడు రోజులు బరువుగా ఉంటుంది. కొద్దికొద్దిగా తిని నీళ్లు బాగా తాగండి. తిన్న గిన్నె మీరే కడగండి, వంటకు కట్టెలు మీరే అందించండి. ఒప్పందంలో లేకపోయినా చేయాల్సిన పని ఇది. మీకు వండే అక్క కూడా అంతకుముందే పొలంలో పని చేసి వచ్చిన మనిషి.

నేల మీద పడుకోకండి. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వస్తుంది, అది కరిచిన చోట నొప్పి, వాపు పెద్దగా ఉండవు, నిద్రలో తెలియకపోవచ్చు. మంచం, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర, రాత్రి బయటికి పోతే టార్చి, బూట్లు దులిపి వేసుకోవడం, ఇవి తప్పనిసరి. కరిస్తే కట్టు కట్టకండి, గాటు పెట్టకండి, కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. అనంతపురం ప్రభుత్వ ఆసుపత్రి, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి మీరుండే తోటకు ఎంత దూరమో మొదటి రోజే తెలుసుకోండి. ఎండకు నీరసపడితే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు.

ఈ పద్ధతిలో నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం ఒకటుంది. ఉపాధి హామీ కూలి 2024-25లో మన రాష్ట్రంలో రోజుకు 300 రూపాయలు. మీరు ఊరికే కలుపు తీస్తే ఊళ్లో ఒక ఆడమనిషికి ఆ రోజు పని పోవచ్చు. "మీరు రాకముందు ఈ పనికి కూలీలను పిలిచేవారా?" అని రైతును సూటిగా అడగండి. అవునంటే ఆ పనిలో కూలీలతో కలిసి నేర్చుకునేదానికే దిగండి, వాళ్లకు బదులుగా కాదు. జీవామృతం, గుడ్ల ముద్దలు ఏరడం, ఆకు పరచడం, విత్తనాలు శుభ్రం చేసి బూడిద కలిపి దాచడం, లెక్కలు రాసిపెట్టడం వంటి పనులకు ఎవరి కూలీ పోదు. మనుషులు తక్కువై చాలాచోట్ల ఆగిపోయినవీ ఈ పనులే. అదనపు కూలీలు దొరికారని సంతోషించే తోట కన్నా, ఈ ప్రశ్న విని కాసేపు ఆలోచించే రైతు తోటకు పోండి.

విదేశీ స్నేహితుల్ని తీసుకెళ్లేవాళ్లు, వాళ్లు దిగిన 24 గంటల్లో ఆతిథ్యమిచ్చే రైతు ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాలు ప్రభుత్వానికి తెలపాలని ముందే ఆయనకు చెప్పి, ఆ పనిలో సాయం చేయండి.

వెళ్లిపోయే తేదీ ఏదో, మీరు తోటకు వచ్చిన రోజే చెప్పాలి. పెరికే వారం మధ్యలో ఆ తేదీ పడేటట్లుంటే నాలుగు రోజులు ముందుకో వెనక్కో జరపండి. కాయలు తిరగేసి, ఎండి, మూటలకు ఎత్తిన మరుసటి రోజు బస్సెక్కితే ఇద్దరికీ సుఖం.