డబ్బు కట్టే ముందు ఆ ఎఫ్‌డీపీ నడుపుతున్నది ఎవరో చూడండి

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల డిగ్రీ కళాశాలల్లో కొత్తగా చేరిన అధ్యాపకులకు ఇది చెప్పి తీరాలి. ఎఫ్‌డీపీ అంటే అధ్యాపకులకిచ్చే స్వల్పకాల శిక్షణ, దాని సర్టిఫికెట్ పదోన్నతికి పనికొస్తుంది. యూజీసీ అంటే ఉన్నత విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ. ‘జాతీయ స్థాయి ఎఫ్‌డీపీ, యూజీసీ గుర్తింపు, ఏడు రోజులు, రూ.1,500’ అంటూ ఒక పోస్టరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. మే నెలలో నేను కట్టాను. నన్ను చూసి మా కళాశాలలో మరో ముగ్గురు కట్టారు. నావల్లే కట్టారన్న బాధ ఇంకా పోలేదు.

సర్టిఫికెట్ ఒక్కటే నాకు కావలసి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. మా తరగతికి చందంపేట, డిండి వైపు తండాల నుంచి తొలి బస్సుకు వచ్చే పిల్లలున్నారు. ఇంట్లో లంబాడీ మాట్లాడి, పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఒక్కసారిగా ఇంగ్లీషులో రసాయన శాస్త్రం వింటారు. ‘మోల్’ అంటే ఏమిటో వాళ్ల మనసుకు ఎక్కేలా ఎలా చెప్పాలన్నది నా తపన. పోస్టరులో ‘బహుభాషా తరగతుల్లో బోధన’ అన్న మాట చూసి ఆశపడ్డాను.

జరిగింది రోజుకు గంట, అదీ ఐదు రోజులే. మొదటి రోజు వక్త జాతీయ విద్యా విధానం 2020 మీద స్లైడ్లు పెట్టి చదువుకుంటూ పోయారు. మూడో రోజు వక్త మారారు, స్లైడ్లు మారలేదు. అక్షరదోషాలతో సహా అవే. నా ప్రశ్న చాట్‌లో రెండుసార్లు రాస్తే ‘ఫీడ్‌బ్యాక్ ఫారం నింపండి’ అన్న జవాబే వచ్చింది. ఆ ఫారంలో మన పేరు మనమే టైపు చేస్తే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. మా సహాధ్యాపకురాలు ఇంట్లో పెళ్లి ఉండి ఒక్క రోజు కూడా చూడలేదు. ఏడు రోజులూ పాల్గొన్నట్టు ఆమెకూ వచ్చింది! దాని మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే తెరుచుకున్నది ఖాళీ పేజీ.

ఆ సర్టిఫికెట్‌ను పదోన్నతి ఫైలులో పెడితే ఐక్యూఏసీ (కళాశాల అంతర్గత నాణ్యతా విభాగం) సమన్వయకర్త దాన్ని తీసి పక్కన పెట్టారు. నిర్వహించిన సంస్థ ఏది, రోజువారీ షెడ్యూలు ఏది అని అడిగారు. నా దగ్గర రెండూ లేవు. ఆయన అడగడంలో తప్పు లేదు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం సహాయ ఆచార్యులు వేతన లెవెల్ 10 నుంచి 11కు వెళ్లాలంటే 21 రోజుల ఓరియంటేషన్ శిక్షణ ఉండాలి. దానికి తోడు రిఫ్రెషర్ కోర్సు గానీ, కనీసం ఐదు రోజుల ఎఫ్‌డీపీ గానీ, ఈ-సర్టిఫికెట్ ఉన్న మూక్స్ (ఆన్‌లైన్) కోర్సు గానీ చేసి ఉండాలి.

పరిశోధన వ్యాసం దగ్గర రెండో వల వేస్తారు. ‘యూజీసీ కేర్ పత్రికలో మీ వ్యాసం వేయిస్తాం, రూ.3,000 పంపండి’ అని ఫోను వస్తుంది. కేర్ అంటే యూజీసీ గుర్తించిన పరిశోధన పత్రికల జాబితా. దాన్ని యూజీసీ 2025 ఫిబ్రవరిలోనే ఆపేసింది.

అసలైన శిక్షణ మనకు దూరంగా ఏమీ లేదు. ఉస్మానియా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం (హెచ్‌సీయూ), మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం (మనూ)లలో మాలవీయ మిషన్ అధ్యాపక శిక్షణ కేంద్రాలున్నాయి. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్‌లో కోర్సు చదవడానికి రుసుము లేదు, పరీక్ష రాస్తేనే వెయ్యి రూపాయలు.

మా డబ్బు తిరిగి రాలేదు, పోస్టరులోని నంబరు పనిచేయడం లేదు. పోయిన వారం అదే పోస్టరు పేరు మార్చుకుని మహబూబ్‌నగర్ గ్రూపులో కనిపించింది. ఇప్పటికే కట్టినవారు చెల్లింపు స్క్రీన్‌షాట్లు దాచుకోండి. మేం నలుగురం సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం, మీరూ చేయండి.