ఇంటికి కరెంటు ఆడిట్, ఆపైన సోలార్ లోను: ఏడాదిన్నర తర్వాత నా లెక్క

2023 మే నెలలో మా ఇంటి మీటరు 616 యూనిట్లు తిరిగింది. బిల్లు 5 వేలు దాటింది. నెల్లూరు ఎండలు తెలిసినవాళ్ళకి ఆ అంకె వింతేం కాదు. మేముండేది పై అంతస్తు. రెండు ఏసీలు, ఐదు ఫ్యాన్లు, పెళ్ళినాటి ఫ్రిజ్, ఇన్వర్టరు, సంపు మోటారు. మరుసటి ఫిబ్రవరిలో మేడ మీద సోలార్‌కి కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం వచ్చేసరికి నేనూ ఒక ఏజెన్సీని పిలిచాను. వచ్చినాయన బిల్లు చూసి, మేడ ఎక్కకుండానే "5 కిలోవాట్లు పడుద్ది సార్" అన్నాడు. సంతకం పెట్టేసేవాణ్ణే. మా తోడల్లుడు ఆపాడు. "ముందు కరెంటు ఎక్కడికి పోతోందో చూపించుకో, తర్వాత అప్పు చేద్దువు" అని తనకు తెలిసిన ఆడిటరు నంబరు ఇచ్చాడు.

ఆయన కేంద్ర ఇంధన పొదుపు సంస్థ (బీఈఈ) పరీక్ష పాసైన ఎనర్జీ ఆడిటరు. మామూలుగా రైసుమిల్లులకు, ఫ్యాక్టరీలకు చేస్తారు. ఇంటికి రమ్మంటే మొదట నవ్వారు. 3,500 రూపాయలు తీసుకున్నారు. కరెంటు ఎంత కాలుతోందో చెప్పించుకోవడానికి మళ్ళీ డబ్బులా అని మా ఆవిడ సణిగింది.

రాత్రి 9 గంటలకు వచ్చారు. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఆపించి నన్ను మీటరు బోర్డు దగ్గరికి తీసుకెళ్ళారు. మీటరు మీద ఎర్ర దీపం ఇంకా మిణుకుమంటూనే ఉంది. "చూడండి, మీ మీటరు మీద 3200 అని రాసుంది. అది 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్" అని ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టారు. సరిగ్గా 10 సెకన్లకోసారి వెలుగుతోంది. అంటే 110 వాట్ల పైనే, అన్నీ ఆపేసినా. వెతికితే ఆ దొంగ మా ఇన్వర్టరే. ఆరేళ్ళనాటి బ్యాటరీ చార్జింగ్ నిలుపుకోలేక రాత్రింబవళ్ళు కరెంటు లాగుతూనే ఉంది. రోజుకు రెండున్నర యూనిట్లకు పైగా, నెలకు దాదాపు 80. అసలు కరెంటు పోవడమే తక్కువైన రోజుల్లో ఆ బ్యాటరీకి మేం నెలనెలా మేత వేస్తున్నాం! ఆ 3,500 అక్కడికక్కడే గిట్టుబాటైంది.

ఆయన చెప్పిన ఇంకో సంగతి అప్పటిదాకా నాకు తట్టలేదు. మన దగ్గర శ్లాబులు కదా. 225 యూనిట్లు దాటితే ఒక్కోటి 8.75 రూపాయలు, నెలలో 400 దాటితే 9.75. మనం తగ్గించేది ఎప్పుడూ పై యూనిట్లనే. కాబట్టి మేలో తగ్గించిన యూనిట్‌కి 9.75 మిగులుద్ది. అదే యూనిట్‌ని జనవరిలో తగ్గిస్తే మిగిలేది 6 రూపాయలే.

రిపోర్టు మాత్రం 14 పేజీలు, అందులో సగం ఎవరింటికైనా సరిపోయే మాటలే. సోలార్ వాటర్ హీటర్ పెట్టించండి అని కూడా రాశారు. నెల్లూరులో వేణ్ణీళ్ళ స్నానం రెండు నెలలు చేస్తే గొప్ప. పనికొచ్చిన మాటలు నాలుగు: బ్యాటరీ మార్చడం, ఎక్కువగా తిరిగే నాలుగు ఫ్యాన్లు తీసి తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ మోటారువి పెట్టడం, ఫ్రిజ్ మార్చడం, మేడ మీద తెల్ల కోటింగ్. ఐదోది కూడా ఉంది, నేను వినలేదు: "ఏసీ మార్చకండి. కాయిల్ కడిగించి, 26లో పెట్టి ఫ్యాను తిప్పండి."

ఫ్యాన్ల గురించి అందరూ అడుగుతారు. పాతవి ఒక్కోటి 75 వాట్లు, కొత్తవి 30 దగ్గర. రోజుకు 12, 14 గంటలు తిరిగే ఇంట్లో నాలుగు ఫ్యాన్లకి నెలకు 70 యూనిట్ల దాకా తగ్గింది. గాలి తక్కువ రాలేదు. కానీ హాల్లో ఫ్యానుకి 14 నెలలకే లోపలి బోర్డు పోయింది. వారంటీలో ఉచితంగానే వేశారు గానీ 18 రోజులు పట్టింది. ఆగస్టు ఉక్కలో 18 రోజులు! పాత ఫ్యాన్లను పాతసామాన్ల వాడికి ఇచ్చేయకండి, ఒకటి అటక మీద ఉంచుకోండి.

తెల్ల కోటింగ్ మొదటి వేసవి బ్రహ్మాండం. రాత్రి 9కి పడమటి గది సీలింగ్ 41 డిగ్రీలు చూపించేది, 37కి దిగింది. రెండో వేసవికి దుమ్ము, పాచి పట్టి నల్లబడింది. రుద్ది కడిగితే కొంత వచ్చింది.

ఇక నా తప్పు. దుకాణంలో "వడ్డీ లేని ఈఎంఐ" అంటే ఆడిటరు వద్దన్నా ఏసీ మార్చాను. వడ్డీ లేదన్నది మాట వరసకే. రొక్కం ఇస్తే 2,500 తగ్గిస్తామన్నది ఈఎంఐలో తగ్గించలేదు. పైన ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ. పాత ఏసీ ఐదేళ్ళదే, త్రీ స్టార్. మిగిలే యూనిట్లతో ఈ డబ్బు తిరిగి రావాలంటే ఏడెనిమిది వేసవులు కావాలి.

సోలార్ లోను కథ వేరు. వృథా తగ్గించాక మాకు 5 అక్కర్లేదని, 3 కిలోవాట్లు చాలని తేలింది. సబ్సిడీ కూడా 3కి 78,000, ఆపైన ఎన్ని పెట్టినా అంతే. పూచీ లేకుండా తక్కువ వడ్డీకిచ్చే లోను కూడా 3 దాకానే. మొత్తం 1,95,000 అయింది. చేతి నుంచి పది శాతం, మిగతా 1,75,500 జాతీయ బ్యాంకులో 7 శాతానికి, పదేళ్ళకి. ఈఎంఐ 2,040 రూపాయలు. సబ్సిడీ పడగానే ఇంట్లో గాజులన్నారు, స్కూటరన్నారు. నేను మొత్తం లోనులోనే కట్టేశాను. ఈఎంఐ తగ్గించమంటారా, కాలం తగ్గించమంటారా అని బ్యాంకులో అడిగారు. కాలమే తగ్గించమన్నాను. మిగిలింది ఐదేళ్ళ లోపే తీరిపోతుంది. ఇది రిజర్వు బ్యాంకు రెపో రేటుతో ముడిపడ్డ లోను కాబట్టి 2025లో వడ్డీ కూడా దిగింది.

ఏజెన్సీతో మాత్రం విసిగిపోయాను. ప్యానెళ్ళు బిగించాక నెట్ మీటరు (మనం వాడింది, బయటికి పంపింది విడివిడిగా లెక్కేసేది) రావడానికి 41 రోజులు. ఫోన్ చేస్తే "రేపు సార్". ఈలోపు ఆన్ చేసి వాడుకోండని వాళ్ళ కుర్రాడు చెప్పాడు. నేను ఆడిటరుని అడిగాను కాబట్టి బతికిపోయాను. చాలా పాత మీటర్లు బయటికి పంపిన కరెంటుని కూడా మనం వాడినట్టే లెక్కేస్తాయట. చివరికి మా సోలార్ 2024 ఆగస్టులో మొదలైంది.

2025 మేలో మా వాడకం 440, సోలార్ ఇచ్చింది 370. బిల్లు 400 కూడా దాటలేదు. ఈఎంఐ కలిపినా పాత మే బిల్లులో సగమే. నవంబరు, డిసెంబరుల్లో మాత్రం ఈశాన్య రుతుపవనాల మబ్బుకి కొన్ని రోజులు మూడు యూనిట్లే వస్తాయి. జనవరి ఒక్కటే చూస్తే నష్టమే, పాత జనవరి బిల్లు 1,300 ఉంటే ఇప్పుడు ఈఎంఐయే 2,040. ఏడాది మొత్తం కలిపి చూసుకోవాలి. ప్యానెళ్ళు బోరు నీళ్ళతో కడగొద్దు, ఉప్పు చారలు పడతాయి. మేం పదిహేను రోజులకోసారి తెల్లారకముందే కుళాయి నీళ్ళతో తుడుస్తున్నాం.

మొంథా తుపాను తీరం దాటింది అక్కడెక్కడో నరసాపురం దగ్గరే అయినా మా వీధిలోనూ కరెంటు పోయింది. మర్నాడు ఎండ వచ్చింది, కరెంటు రాలేదు. మా అత్తమ్మ మేడకేసి చూసి, "అంత డబ్బు పోసి పెట్టించావు కదయ్యా, ఎండ కాస్తోంది, ఫ్యాను తిరగదేం?" అంది. లైన్లో కరెంటు లేకపోతే ఈ సోలార్ దానంతటదే ఆగిపోతుందని, లేకుంటే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి షాక్ కొడుతుందని చెప్పాను. ఆవిడకి నచ్చలేదు. ఆ రోజు ఇంట్లో తిరిగింది కొత్త బ్యాటరీ మీద ఒక్క ఫ్యానే.