తీరంలోని సబ్‌స్టేషన్‌కు పింగాణీ ఇన్సులేటర్లా, పాలిమరా: ఏది మేలు?

విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో 33/11 కేవీ సబ్‌స్టేషన్ లైను తెల్లవారుజామున ట్రిప్ అయి (దానంతటదే ఆగిపోయి), మళ్లీ చార్జ్ చేయగానే నిలబడిందంటే ముందు ఇన్సులేటర్ల (తీగను మోస్తూ, కరెంటు నిర్మాణంలోకి పారకుండా ఆపేవి) మీద సముద్రపు గాలికి చేరిన ఉప్పును అనుమానించాలి. డిసెంబరు దాటాక వానలు పెద్దగా ఉండవు. నెలల తరబడి పేరుకున్న ఉప్పు పొడిగా ఉన్నంతసేపు ఏమీ చేయదు. మంచుకు తడిస్తే దాని మీదుగా లీకేజీ కరెంటు పారుతుంది, ఆ వేడికి అక్కడక్కడా ఆరిన పట్టీలు ఏర్పడతాయి, వాటి మీద నిప్పురవ్వలు లేస్తాయి. అవి కలిసిపోతే ఫ్లాష్ ఓవర్, అంటే ఇన్సులేటర్ పొడవునా మెరుపు దూకి లైను ట్రిప్ అవుతుంది. చీకట్లో యార్డు లైట్లు ఆర్పి చూస్తే ఊదారంగు మెరుపులు, చిటపట చప్పుడు ముందే పట్టిస్తాయి.

పింగాణీకి ఎండ, వాన లెక్కలేదు, దశాబ్దాలు నిలుస్తుంది. కానీ తడి దాని మీద పొరలా పరుచుకుంటుంది. అందుకే క్రీపేజ్ పొడవు (ఇన్సులేటర్ ఉపరితలం వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకు దూరం) ఎక్కువ కావాలి. అతి తీవ్ర కాలుష్యానికి కేవీకి 31 మి.మీ. చొప్పున, 33 కేవీ పరికరాల గరిష్ఠ వోల్టేజి 36 కేవీకి 1,116 మి.మీ. రావాలి. గొలుసులా తగిలించే మామూలు పింగాణీ డిస్కుకు సుమారు 290 మి.మీ. కాబట్టి మూడింటికి 870 మాత్రమే. నాలుగోది వేయాలి, లేదా క్రీపేజ్ ఎక్కువుండే యాంటీఫాగ్ డిస్కులు వాడాలి. చాలాచోట్ల తప్పు జరిగేది ఈ లెక్క దగ్గరే.

కడగడం ఇంకో పని. లైన్ క్లియర్ (కరెంటు ఆపి, పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని, రెండువైపులా ఎర్తింగ్ చేసి, మంచినీటితో కడిగి గుడ్డతో తుడవాలి. తీరంలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడిగి ఆరనివ్వడం ఉప్పును ఉప్పుతో పూయడమే.

సిలికాన్ రబ్బరు పాలిమర్ మీద నీరు పొరగా పరుచుకోక బొట్లుగా నిలుస్తుంది. పైగా ఆ గుణం పైన పడిన దుమ్ముకూ పాకుతుంది. బరువు చాలా తక్కువ, రాయి తగిలినా పగలదు. అయితే తుపాను జల్లు గంటల తరబడి తడిపితే ఆ గుణం తాత్కాలికంగా పోతుంది, ఆరాక తిరిగి వస్తుంది. అసలు ప్రమాదం సీలు దగ్గర. లోపలి ఫైబర్ కడ్డీకి నీరు తగిలితే బయటికి ఏమీ కనిపించకుండానే ఒకరోజు పుటుక్కున తెగుతుంది. పింగాణీ పగులు చాలాసార్లు కంటికి కనిపించినట్టు ఇది కనిపించదు.

నా లెక్క ఇది. గాంట్రీల (యార్డులో తీగలు కట్టే ఉక్కు నిర్మాణాలు) దగ్గరి టెన్షన్ స్ట్రింగులకు, అంటే తీగ లాగుడును మోసే ఇన్సులేటర్లకు, పాలిమరే మేలు. ఐసోలేటర్ (లైనును విడదీసే స్విచ్చు) నిలబడే పోస్టులకు మాత్రం పింగాణీ ఉంచాలి, ఎందుకంటే లోడు పడితే పాలిమర్ పోస్టు కొంత వంగి, కాంటాక్టులు సరిగా కూర్చోవు. ఆ పోస్టులకూ ట్రాన్స్‌ఫార్మర్ బుషింగులకూ (తీగ లోపలికి వెళ్లేచోటి పింగాణీ గొట్టాలు) ఆర్‌టీవీ, అంటే మామూలు వేడిలోనే గట్టిపడే సిలికాన్ పూత వేయిస్తే రెండింటి లాభమూ దక్కుతుంది. పాత గ్రీజు, ఉప్పు పూర్తిగా తీసి, బాగా ఆరిన ఉపరితలం మీద 0.3 నుంచి 0.5 మి.మీ. మందంతో వేయాలి. తడి మీద వేస్తే పొరలుగా ఊడుతుంది. నగరంలో స్థలం లేక 132 కేవీకి జీఐఎస్ (పరికరాలన్నీ వాయువు నింపిన లోహపు గొట్టాల్లో మూసి ఉండే సబ్‌స్టేషన్) కట్టేచోట ఉప్పు బాధ చాలావరకు తప్పుతుంది. అయినా బయటికి వచ్చే బుషింగులకు ఈ జాగ్రత్తలే వర్తిస్తాయి.

పాలిమర్ సరుకు దించుకునేటప్పుడు కడ్డీ మీద రబ్బరు కనీసం 3 మి.మీ. ఉందా, ఫిట్టింగు అంచున సీలు చెక్కుచెదరకుండా ఉందా చూడాలి. షెడ్డు (గొడుగులాంటి రబ్బరు అంచు) పట్టుకుని లాగనివ్వొద్దు, తాడు వేసి ఎత్తేటప్పుడు లోహపు ఫిట్టింగుకే కట్టాలి. తుడవడానికి వైర్ బ్రష్, పెట్రోలు ముట్టకూడదు.