హాలో పాయింట్ పెల్లెట్లు: బెంగళూరులో కొని వాడి చూశాక

బెంగళూరులోని ఒక ఆయుధాల దుకాణంలో 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ కోసం రెండు రకాల పెల్లెట్లు (చిన్న సీసపు గుండ్లు) కొన్నాను. ఒకటి మొన చదునుగా ఉండే మామూలు రకం, రెండోది మొనలో గుంట ఉన్న హాలో పాయింట్. రెండో డబ్బా ఖరీదు ఎక్కువ. దాని మూత మీద అడవిపంది బొమ్మ, తగలగానే గుండు విచ్చుకుంటుందన్న హామీ ఉన్నాయి. 1972 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న దేశంలో ఆ బొమ్మ ఎవరి కోసమో తెలియదు.

వేట తూటాల విషయంలో ఆ హామీ నిజమే. మెత్తని సీసం మొన కండలో దిగగానే ఎదురయ్యే ఒత్తిడికి వెడల్పై, గాయాన్ని పెద్దది చేసి, జంతువు ప్రాణం త్వరగా పోయేలా చేస్తుంది. అయితే తూటా మరీ మెత్తనైతే భుజం ఎముక దగ్గరే ముక్కలవుతుంది. మరీ గట్టిదైతే సన్నని రంధ్రం చేసి అవతలికి వెళ్ళిపోతుంది. ఈ చిక్కు తీర్చడానికే అమెరికాలో జాన్ నోస్లర్ తన పార్టిషన్ తూటాలో ముందు సీసానికీ వెనుక సీసానికీ నడుమ తొడుగు లోహంతోనే అడ్డుగోడ పెట్టాడు. ముందు భాగం విచ్చుకుంటుంది, వెనుక భాగం చెదరకుండా లోతుకు పోతుంది.

కానీ ఇదంతా వేగం ఉంటేనే జరిగే పని. బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ వాడిన 0.405 వించెస్టర్ తూటా సుమారు 19 గ్రాముల బరువుతో, సెకనుకు దాదాపు 670 మీటర్ల వేగంతో వెలువడేది. అంటే 4000 జౌల్స్ పైచిలుకు శక్తి. మనం లైసెన్సు లేకుండా ఉంచుకోగల ఎయిర్ రైఫిల్ శక్తి 20 జౌల్స్ దాటకూడదు.

తడి బంకమట్టి దిమ్మలోకి 10 మీటర్ల నుంచి కాల్చి గుండ్లను తవ్వి చూస్తే, హాలో పాయింట్ అంచులు కాస్త నలిగాయే తప్ప విచ్చుకోలేదు. దిగిన లోతులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. టార్గెట్ పేపర్ మీద మాత్రం తేడా స్పష్టం: చదును మొన గుండ్రంగా, శుభ్రంగా కోసింది, హాలో పాయింట్ అంచులు చించింది. పోటీల్లో చదును మొననే వాడేది ఇందుకే. పైగా ఖరీదైన డబ్బాలో కొన్ని గుండ్ల వెనుక అంచులు సొట్టపోయి ఉన్నాయి, అవి గురి తప్పుతాయి.

కాగితం మీద సాధన చేసేవారు చదును మొన డబ్బానే కొనండి. ఈ రెండు రకాలూ సీసమే కాబట్టి, వాడాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.