హ్యూస్టన్ వెళ్తే స్కైలాబ్ లోపల ఇల్లు చూడకుండా రాకండి

నాసా సందర్శకుల మ్యూజియం అయిన స్పేస్ సెంటర్ హ్యూస్టన్‌కి వెళ్ళిన చాలామంది చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన శాటర్న్ 5 రాకెట్ దగ్గర ఫొటోలు దిగి, ట్రామ్ ఎక్కి, అలసిపోయి బయటికి వచ్చేస్తారు. అక్కడి స్టార్‌షిప్ గ్యాలరీలో ఉన్న, అమెరికా మొదటి అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ట్రైనర్ చూడకుండా వచ్చేస్తే మాత్రం నిజంగా బాధపడాల్సిందే. మన పెద్దవాళ్ళకి స్కైలాబ్ అంటే 1979లో ఎక్కడ నెత్తిన పడుతుందోనన్న భయమే గుర్తుంటుంది గానీ, అంతకు ముందు 1973-74లో మూడు జట్లు అందులో కాపురం ఉన్నాయి, చివరి జట్టయితే ఏకంగా 84 రోజులు. వాళ్ళు భూమ్మీద ట్రైనింగ్ తీసుకున్న నిలువెత్తు నమూనా ఇదే.

నాకు బాగా నచ్చింది భోజనాల గది. ముగ్గురికీ కలిపి ఒక బల్ల, ఎవరి వైపు వాళ్ళకి ఆహారం వేడి చేసుకునే ట్రే. ఎవరూ పెద్ద కుర్చీలో కూర్చున్నట్టు ఉండకూడదని అలా మూడు వైపులుగా చేశారట. పక్కనే కిటికీ. గ్రేహౌండ్ బస్సులకి రూపం ఇచ్చిన రేమండ్ లోవీని నాసా సలహాదారుగా పెట్టుకుంటే, కిటికీ ఉండి తీరాలని పట్టుబట్టింది ఆయనే. గోడకి రంధ్రం పెడితే బలం తగ్గుతుందని ఇంజనీర్లు వద్దన్నారు. తీరా పైకి వెళ్ళాక ఖాళీ దొరికితే చాలు అందరూ ఆ కిటికీ దగ్గరికే చేరేవాళ్ళు. నెలల తరబడి డబ్బాలో ఉండే మనిషికి అది విలాసం కాదు, అవసరం.

నేలంతా త్రికోణాల జాలీ, బరువు తెలియని చోట తేలిపోకుండా నిలబడటానికి బూట్ల కింద అందులో ఇరుక్కునే త్రికోణపు ముక్కలు. పడకలు గోడకి నిలువుగా ఉంటాయి, తలా ఒక చిన్న గది. టాయిలెట్‌ని వాటికి అంత దగ్గరగా పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు, నిద్రపోయేవాళ్ళకి ఆ చప్పుడు ఇబ్బందే కదా. మడిచి పెట్టుకునే షవర్ కూడా ఉంది గానీ, ఒక్క స్నానానికి సిద్ధం చేసి, తర్వాత నీటి చుక్కలన్నీ పీల్చి శుభ్రం చేసేసరికి గంటలు పట్టేదట.

ఇదే హ్యూస్టన్‌లో, నాసా వాళ్ళ జాన్సన్ స్పేస్ సెంటర్‌లో, ఒక ప్రయోగం కోసం 1,700 చదరపు అడుగుల త్రీడీ ప్రింటెడ్ ఇంట్లో నలుగురు 378 రోజులు మార్స్ మీద ఉన్నట్టే ఉండి 2024 జులైలో బయటికొచ్చారు. అక్కడా తలా ఒక గది ఇచ్చారు.

పిల్లలతో వెళ్తే ముందు ట్రామ్ టూర్ ముగించుకుని, స్కైలాబ్ ట్రైనర్‌కి తీరిగ్గా టైమ్ ఉంచుకోండి.